చిన్నీ, ఊరు తర్వాత, ముందు నెల చూస్కో

చిన్నీ,

సర్ఫింగ్‌కి, అదే బల్ల మీద నిలబడి అలల మీద జారడానికి, పోతానని నువ్వు పంపిన ఊళ్ళ లిస్టు చూశా. పొద్దున మిర్చి యార్డులో బస్తాల మధ్య నిలబడి చదివితే సగం బుర్రకెక్కలా, ఇప్పుడు ఇంటికొచ్చి అన్నం తిని కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివా. ఉలువాటు, పైప్‌లైన్, నజరే, టహీటీ, మాల్దీవులు, కింద ఇంకేవో రెండు. డిసెంబర్ ఆఖర్లో 12 రోజులు సెలవు. వర్కలలో 4 రోజులు నేర్చుకున్నావు, ఆఖరి రోజు మూడు సార్లు బల్ల మీద నిలబడ్డావు, సంతోషం. కానీ ఆ లిస్టు ఎట్టా ఉందంటే నిన్న బెంజ్ సర్కిల్లో స్కూటీ నేర్చుకున్న పిల్ల ఇవ్వాళ లోడు లారీ వేసుకుని ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతానన్నట్టు ఉంది. మూతి ముడుచుకోకుండా చివరిదాకా చదువు.

మీ అమ్మ ఇందాకే ఫోన్ చేసి అన్నయ్యా దాన్ని చెడగొట్టింది నువ్వే అంది, కాదనలేను. నాకు 41 ఏళ్ళప్పుడు మిరపకాయల బేరానికి కొలంబో వెళ్తే అక్కడి పార్టీ డబ్బులివ్వకుండా ఇవ్వాళ రేపు అని 4 రోజులు తిప్పాడు, హోటల్లో కూర్చుని గోడలు చూడలేక రైలెక్కి వెలిగామ పోయా, అక్కడ ఎవరో కుర్రాడు బల్ల చేతిలో పెట్టి రా అంకుల్ అన్నాడు, అంతే. ఇప్పుడు 58. ఆ డబ్బులు పూర్తిగా రాలేదనుకో, అది వేరే కథ. మీ అత్త ఇప్పటికీ నా బోర్డుని ఇస్త్రీ బల్ల అనే అంటది.

సరే విషయానికొస్తా. నువ్వు ఊళ్ళు ఎంచావు, నెల ఎంచలేదు. తప్పంతా అక్కడే ఉంది. మన యార్డుకి కొత్త కాయ ఫిబ్రవరి, మార్చిలో దండిగా దిగుద్ది, సెప్టెంబర్‌లో వచ్చి కొత్త తేజ రకం మిరపకాయ చూపించమంటే ఎవడైనా కోల్డ్ స్టోరేజీ కాయే చూపిస్తాడు. సముద్రమూ అంతే. ఒకే బీచి ఒక నెలలో అద్దంలా ఉంటది, ఇంకో నెలలో గందరగోళంగా ఉంటది, ఇంకో నెలలో మనిషిని మింగేస్తది. రీల్స్‌లో నువ్వు చూసిన అల ఏ నెలలో తీశారో ఎవడూ కింద రాయడు కదా.

ఎందుకట్టా అంటే, మంచి అల మనం నిలబడ్డ బీచిలో పుట్టదు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను గాలి రోజుల తరబడి నీళ్ళని తోస్తే ఆ కదలిక వరసలు కట్టి ప్రయాణం చేసి ఇక్కడికొస్తది, దాన్నే స్వెల్ అంటారు. బాలికి, మాల్దీవులకి, లంక దక్షిణానికి వచ్చేది ఎక్కువగా అంటార్కిటికా వైపు దక్షిణ సముద్రంలో పుట్టిందే, అక్కడ చలికాలం అంటే మనకి ఎండాకాలం వానాకాలం, అప్పుడే ఎక్కువ వస్తది. హవాయి ఉత్తరానికీ పోర్చుగల్‌కీ వచ్చేది ఉత్తరాన చలికాలపు తుఫాన్ల నుంచి. రెండోది బీచి కాడి గాలి. నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తే అల ముఖం నున్నగా నిలబడుద్ది, సముద్రం మీద నుంచి ఒడ్డుకి గట్టిగా కొడితే అల విరిగి ముక్కలైపోద్ది. స్వెల్, గాలి రెండూ కుదిరితేనే అది సీజను.

ఇప్పుడు నీ లిస్టుని నీ డిసెంబర్ పక్కన పెట్టి చూడు.

పైప్‌లైన్, హవాయిలో ఓహూ దీవి ఉత్తరపు ఒడ్డున ఉంది, డిసెంబరే దానికి అసలు సీజను, ప్రపంచంలో పేరున్న వాళ్ళంతా అప్పుడే అక్కడ ఉంటారు, అల విరిగేది లోతులేని లావా రాయి మీద. నువ్వు ఒడ్డున కూర్చుని పల్లీలు తింటూ చూడొచ్చు. అదే దీవికి దక్షిణాన వైకీకీ ఉంది, మెత్తటి పొడుగాటి అలలు, 1912 ఒలింపిక్స్‌లో ఈతకి గోల్డ్ కొట్టి సర్ఫింగ్‌ని దేశదేశాలకీ చూపించిన డ్యూక్ కహనమోకు తిరిగిన బీచి అది, నేర్చుకునేవాళ్ళకి బంగారం, కానీ అమెరికా వీసా అపాయింట్‌మెంట్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పోర్చుగల్‌లోని నజరే సంగతి అడక్కు, అక్కడ సముద్రం అడుగున దాదాపు 230 కిలోమీటర్ల పొడుగున 5 కిలోమీటర్ల లోతు దాకా లోయ ఉంది, స్వెల్ ఆ లోయలో నుంచి బలం తగ్గకుండా నేరుగా ఒడ్డు కాడికొచ్చి లేస్తది, 2020 అక్టోబర్‌లో సెబాస్టియన్ స్టాయిడ్నర్ అనే జర్మన్ అక్కడ ఎక్కిన అల 86 అడుగులు, రికార్డు. 86 అడుగులంటే మీ అపార్ట్‌మెంట్ ఎన్ని అంతస్తులో లెక్కపెట్టుకో. టహీటీలో తెహుపో, 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగిన చోటు, పారిస్‌లో పెట్టలేక అంత దూరం తీసుకెళ్ళారు, నీ డిసెంబర్‌లో అక్కడ సీజనే కాదు, సీజనైనా నీకు కాదు. మాల్దీవుల్లో అలలు మార్చి నుంచి అక్టోబర్ దాకా బాగుంటాయి, డిసెంబర్‌లో అలలు తగ్గుతాయి, రిసార్టు రేట్లు మాత్రం అప్పుడే ఆకాశంలో ఉంటాయి. అక్కడ తులుస్‌ధూ అనే దీవి కాడ ఒక అల పేరు కోక్స్, పక్కనే కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీ ఉందని, ఎదురు అల పేరు చికెన్స్, ఆ దీవిలో ఒకప్పుడు కోళ్ళఫారం ఉండేదని. పేర్లు విని నవ్వుకుని దిగితే అడుగున అంతా పగడమే.

ఇక బాలి. దీని మీద మాత్రం నాకు మాట్లాడే హక్కుంది, ఎందుకంటే డబ్బు వదిలించుకున్నా. ఇండోనేషియాలో కొనేవాళ్ళు ఉన్నారు కదా, ఒక ఏడాది జనవరిలో పనిమీద పోయి పని అయ్యాక బాలిలో దిగా. కూటా బీచి నిండా వానకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్కు, గాలి తిన్నగా ముఖానికే, అల ఎక్కడ మొదలవుద్దో ఎక్కడ చస్తదో తెలీదు. బాలి పడమటి వైపు, అంటే కూటా, చాంగూ, ఉలువాటు, ఇవన్నీ సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బాగుంటాయి, అప్పుడు ఆగ్నేయం గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తది. అక్కడి వానాకాలంలో, అంటే నేను పోయిన జనవరి లాంటప్పుడు, గాలి తిరగబడుద్ది, తెలిసినవాళ్ళు తూర్పు వైపుకి పోతారు. నాకది తెలీదు. మూడో రోజుకి అసహనం వచ్చి ఒక సర్ఫ్ స్కూలు వాడు మంచి చోటుంది పదండి అంటే నమ్మి వెళ్ళా, పాటు తీసి నీళ్ళు తగ్గాయని గానీ కింద పగడపు రాయి ఉందని గానీ వాడు ఒక్క ముక్క చెప్పలా, నేనూ అడగలా. పడ్డా, అరికాలు చీరుకుపోయింది. ఆ కట్టుతోనే వచ్చి మరుసటి వారం మిర్చి యార్డులో తిరిగా చూడూ, ఆ కారం ధూళి గాయంలోకి దిగితే ఉంటది... సర్లే. పగడం గీరిందంటే చిన్నదైనా బాగా కడిగి లోపల ముక్కలు లేకుండా చూసి డాక్టర్‌కి చూపించు, తొందరగా చీము పడుద్ది.

అందుకే నెల తర్వాత నువ్వు చూడాల్సింది అడుగు. ఇసకా, రాయా, పగడమా. అల దాదాపు తన ఎత్తుకి కాస్త ఎక్కువ లోతు ఉన్న చోటుకి రాగానే విరుగుద్ది, మీటరు అల అయితే మీటరుంపావు నీళ్ళలో అనుకో. ఇసక నెమ్మదిగా ఏటవాలుగా ఉంటది కాబట్టి అల కూడా నెమ్మదిగా కూలుద్ది, లేచి నిలబడటానికి నీకు టైం దొరుకుద్ది, పడ్డా నోట్లో ఇసకే. పగడపు దిబ్బ కాడ లోతు ఉన్నట్టుండి తగ్గిపోద్ది, అల గోడలా లేచి కింద పడుద్ది. నీకు ఇంకో ఏడాది పాటు ఇసకే, ఇందులో బేరాల్లేవు. ఎక్కడికెళ్ళినా అడగాల్సిన మొదటి మాట, కింద ఏముంది, పాటు తీసినప్పుడు ఎంత లోతుంటది. అడిగితే నామోషీ ఏం లేదు.

కాబట్టి నీ డిసెంబర్‌కి నా ఓటు శ్రీలంక, వెలిగామ. లంక అనగానే మీ అత్త బాపట్ల కాడి సూర్యలంక అనుకుంది, అంత దానికి మీ అమ్మ ఎందుకు ఏడుస్తంది అని. వెలిగామ వెడల్పాటి అఖాతం, అడుగున ఇసక, నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా దక్షిణపు ఒడ్డుకి సీజను. లంకలో విశేషం ఏంటంటే రెండు సీజన్లు, ఈశాన్య రుతుపవనం ఉన్నప్పుడు దక్షిణం బాగుంటది, నైరుతి వచ్చాక తూర్పున ఆరుగం బే బాగుంటది, మే నుంచి సెప్టెంబర్ దాకా. అక్కడ లోకల్ ఆడపిల్లలే కలిసి ఒక సర్ఫ్ క్లబ్ పెట్టుకున్నారు, ఎప్పుడన్నా నైరుతిలో సెలవు దొరికితే అక్కడికి పో, నీకు నచ్చుద్ది. వెలిగామకి చెన్నై నుంచి కొలంబో ఫ్లైటు, తర్వాత కొలంబో ఫోర్టు స్టేషన్లో రైలెక్కితే సముద్రం పక్కనే పోతది, కుడివైపు కిటికీ పట్టుకో. జనం ఎక్కువే ఉంటారు, క్రిస్మస్ సీజన్లో మరీ, అందుకని పొద్దున ఆరింటికల్లా నీళ్ళలో ఉండు, గాలి కూడా అప్పుడు పడి ఉంటది. పక్కనే మిడిగామలో వేరే అలలున్నాయని ఎవడన్నా లాగుతాడు, అక్కడ రాయి, పగడం. పోవద్దు. వీసా రూల్సు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు వాళ్ళ గవర్నమెంటు సైట్లోనే చూస్కో, ఏజెంటు మాట కాదు.

ఫోర్‌కాస్టు చూడటం నేర్చుకో. అందరూ అల ఎత్తు చూస్తారు, నువ్వు పక్కన సెకండ్లు చూడు. రెండు అలల మధ్య టైం అది, పీరియడ్ అంటారు. 6, 7 సెకండ్లంటే దగ్గర్లో గాలికి లేచిన గజిబిజి. 14 సెకండ్లంటే దూరం నుంచి వచ్చింది, అదే ఎత్తున్నా మోసుకొచ్చే బలం దాదాపు రెట్టింపు. ఒక మీటరే కదా అని 15 సెకండ్ల రోజున దిగి నేను బాగా నీళ్ళు తాగా. మన దేశపు తీరాలకి ఈ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది తెలుసా, సముద్రమే లేని ఊళ్ళో కూర్చుని కేరళ జాలర్లకి ఇవ్వాళ కెరటాలు పొంగుతాయి పడవలు జాగ్రత్త అని చెప్తారు, నాకు భలే ముచ్చటేస్తది.

ఈలోపు డిసెంబర్ దాకా ఖాళీగా కూర్చోవద్దు. రెండు వీకెండ్లు చెన్నై పో, పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావు, ఈసీఆర్ మీద కోవళం, మహాబలిపురం, అక్కడ జాలర్ల పిల్లలే ఇవ్వాళ దేశంలో మంచి సర్ఫర్లు, వాళ్ళ దగ్గర నేర్చుకుంటే అల చదవడం వస్తది. వైజాగ్‌లో రుషికొండ కూడా ఉంది, అలలు ఒక్కోరోజు ఒక్కో రకం. అక్టోబర్ నుంచి మన బంగాళాఖాతం సంగతి నీకు చెప్పాలా, దివిసీమవాళ్ళింటి మనవరాలివి, తుఫాను అన్న మాట వినిపిస్తే టికెట్టు క్యాన్సిల్, అంతే. సూర్యలంక, మంగినపూడి మాత్రం ఒంటరిగా ప్రాక్టీసుకి పోవద్దు. ప్రతేడూ పిల్లలు మునిగిన వార్తలు చదువుతానే ఉన్నాం.

కృష్ణలో ఈత వచ్చు కదా అంటావు. ఏరు వేరు, సముద్రం వేరు. ఏరు ఒకవైపుకే లాగుద్ది. సముద్రంలో అలలు తెచ్చిపోసిన నీళ్ళు ఒక సందు చూసుకుని వెనక్కి పరిగెత్తుతాయి, పైకి చూస్తే అక్కడే అలలు విరగకుండా ప్రశాంతంగా కనపడుద్ది, కొత్తవాళ్ళు ఇదే బాగుందని అక్కడే దిగుతారు. లాగితే ఎదురీదొద్దు, బోర్డు వదలొద్దు, పక్కకి, అంటే ఒడ్డుకి సమాంతరంగా జరుగు, లాగుడు తగ్గాక అలల వెంబడి బయటికి రా. బోర్డుని కాలికి కట్టే తాడు, లీష్ అంటారు, అది పాతబడిందో లేదో లాగి చూసి మరీ తీస్కో.

బోర్డు మోసుకెళ్ళొద్దు, ఎయిర్‌లైన్సు వాడు దానికి వేసే డబ్బుతో అక్కడ నెలంతా అద్దెకొస్తది. 8, 9 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు అడుగు, చిన్నది స్టైల్‌గా ఉంటుందని తీసుకున్నావా నిలబడటం కల్లే. ఇన్సూరెన్సులో సర్ఫింగ్ కవర్ అవుద్దో లేదో చదువు, చాలా పాలసీల్లో చిన్న అక్షరాల్లో తీసేస్తారు. నీళ్ళలో గొడవలు వద్దు. అల లేచే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్ళది, వాళ్ళు లేచాక నువ్వు ముందు దూకావంటే తిడతారు, తిట్టాలి కూడా. లోకల్ వాళ్ళని చూసి నవ్వు, పక్కన ఆగు, సగం అలలు వాళ్ళే ఇస్తారు.

తర్వాతి ఏడాది మేలో సెలవు దొరికితే అప్పుడు బాలి, కూటా ఇసకలో, నేనూ వస్తా. ఇంకా ముదిరితే సెప్టెంబర్లో పోర్చుగల్, పెనీషె వైపు నేర్చుకునేవాళ్ళకీ చోటుంది, కానీ ఎండాకాలంలో కూడా అక్కడ నీళ్ళు మన ఫ్రిజ్ బాటిలే, వెట్‌సూట్ లేకుండా కుదరదు. మొరాకోలో తగజూత్ చలికాలానికి బాగుంటదని అందరూ అంటారు, నేను పోలా.

మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, ఆదివారం విజయవాడ వస్తన్నా, పటమటలో భోజనం చేసి మెల్లిగా చెప్తా. ఫ్లైటు బుక్ చేసే ముందు తారీకులు నాకు పంపు. కోవళంలో నిలబడ్డ ఫోటోలు వద్దు, పడిపోయిన వీడియోలు తీయించి పంపు, ముందు కాలు ఎక్కడ పెడుతున్నావో చూస్తా.

మావయ్య