పడమటి అద్దం ఎన్ని టన్నుల ఏసీ అడుగుతుంది?

వాణిజ్య భవనాల యజమానులు పంపిన ప్రశ్నలకు జవాబులు. కోడ్ పేరుతో ఇచ్చిన అంకెలు ఈసీబీసీ (వాణిజ్య భవనాల్లో ఇంధన పొదుపు కోసం కేంద్రం ఇచ్చిన కోడ్) 2017 ఎడిషన్‌లోవి.

ప్ర: హైదరాబాద్ కొండాపూర్‌లో ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగు కడుతున్నాం. రోడ్డు పడమర వైపు ఉంది. ముందు భాగమంతా గ్లాసుతో ఎలివేషన్ గీసిచ్చారు. ఈసీబీసీ మాకు వర్తిస్తుందా? గ్లాసు మానుకోవాల్సిందేనా?

జ: కేంద్ర కోడ్ ప్రకారం కనెక్టెడ్ లోడ్ (భవనంలోని కరెంటు పరికరాలన్నిటి మొత్తం) 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ ఉంటే చాలు, వాణిజ్య భవనం దీని కిందికి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు విస్తీర్ణం లెక్క పెట్టింది: స్థలం 1,000 చదరపు మీటర్లు లేదా బిల్టప్ ఏరియా 2,000 చదరపు మీటర్లు. మీ ఐదంతస్తులకు తప్పదనే అనుకోండి. 2022లో ఇంధన పొదుపు చట్టం సవరించాక కోడ్ పేరులో, పరిధిలో మార్పులొచ్చాయి. కాబట్టి ప్లాను అప్‌లోడ్ చేసే ముందు ఏ ఎడిషన్ అడుగుతున్నారో అనుమతిచ్చే కార్యాలయంలో కనుక్కోండి.

గ్లాసు మానుకోనక్కర్లేదు, తగ్గించుకోవాలి. నిర్దేశిత పద్ధతిలో, అంటే కోడ్ ఇచ్చిన అంకెలనే నేరుగా పాటిస్తూ వెళ్తే మొత్తం గోడలో కిటికీల వాటా 40 శాతం దాటకూడదు. హైదరాబాద్ వాతావరణానికి, ఉత్తరం కాని దిక్కుల్లో గ్లాసు ఎస్‌హెచ్‌జీసీ 0.27కి మించకూడదు, యూ విలువ 3.0కి మించకూడదు. ఎస్‌హెచ్‌జీసీ అంటే గ్లాసు మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో చెప్పే అంకె. యూ విలువ అంటే లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల ఎంత వేడి దాటుతుందో చెప్పేది; తక్కువైతే మంచిది. మామూలు 6 మి.మీ. క్లియర్ గ్లాసుకు అది దాదాపు 0.82, యూ విలువ 5.7 దాకా ఉంటుంది. అందుకే ఒంటి గ్లాసుతో పని జరగదు, కోటింగ్ ఉన్న డబుల్ గ్లేజింగ్ తీసుకోవాలి.

డబ్బు లెక్క చూడండి. ఒక్కో అంతస్తుకు పడమర వైపు 60 చదరపు మీటర్ల గ్లాసు ఉందనుకుందాం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడిందనుకుందాం. క్లియర్ గ్లాసైతే 29.5 కిలోవాట్ల వేడి లోపలికొస్తుంది. 0.27 గ్లాసైతే 9.7 కిలోవాట్లే. తేడా 19.8 కిలోవాట్లు, అంటే 5.6 టన్నుల ఏసీ (టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడి తీసే శక్తి). ఐదంతస్తులకు 28 టన్నులు. ఏసీ మెషీన్లు, వాటి కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్‌లో వాటి వాటా, జనరేటర్‌లో వాటి వాటా అన్నీ కలిపి చూస్తే గ్లాసు ధరలోని తేడా అంత భారంగా అనిపించదు.

సన్‌షేడ్‌లతో ఇక్కడ పెద్దగా ఫలితం ఉండదు. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది, అంటే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ నెలల్లో దక్షిణపు గోడకు ఎండ తక్కువ. దెబ్బంతా శ్లాబు మీద, పొద్దు వాలాక పడమటి గోడ మీద. వాలిన ఎండ సన్‌షేడ్ కిందనుంచి దూరి వస్తుంది. మెట్లు, లిఫ్టు, టాయిలెట్లలో వీలైనన్ని పడమర వైపుకు జరపమని అడగండి. మిగిలినచోట నేల నుంచి 900 మి.మీ. వరకు గోడ కట్టేయండి. బల్ల కన్నా కిందుండే గ్లాసుతో వేడి వస్తుందే గానీ పనికొచ్చే వెలుతురు రాదు. బయటి వైపున, గ్లాసుకు ఎడంగా, శుభ్రం చేసే మనిషి పట్టేంత సందు వదిలి జాలీ పెట్టించండి.

ఎక్కువ చోట్ల మోసపోయేది సైట్లో. ఫైల్లో 0.27 గ్లాసు సర్టిఫికెట్ ఉంటుంది, గోడకు ఎక్కింది వేరేది అవుతుంది. లేదంటే గ్లాసు అదే అయినా తిరగేసి బిగిస్తారు. మన ఎండకు కోటింగ్ బయటి నుంచి రెండో ముఖం మీద ఉండాలి. చీకటి పడ్డాక బయట నిలబడి గ్లాసు దగ్గర లైటర్ వెలిగించండి. డబుల్ గ్లేజింగ్‌లో నాలుగు మంటలు కనిపిస్తాయి, వాటిలో ఒకటి వేరే రంగులో ఉంటుంది. అది మీ వైపు నుంచి రెండోది కావాలి. మూడోదో నాలుగోదో అయితే ఆ ప్యానెల్ దింపించండి. లారీ దిగిన రోజే ప్రతి బ్యాచ్‌లో నాలుగైదు ప్యానెళ్లు ఇలా చూడండి. సిలికాన్ ఆరాక కాంట్రాక్టర్ దింపడు.

ప్ర: కరీంనగర్ దగ్గర మాకు ఏసీ ఫంక్షన్ హాలు ఉంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, 250 కేవీఏ. మూఢంలో, ఆషాఢంలో నెలంతా తాళం వేసి ఉన్నా బిల్లు వస్తోంది. ఫైవ్‌స్టార్ ఏసీలు మారిస్తే తగ్గుతుందా?

జ: తాళం వేసిన నెల బిల్లు ఏసీ మార్చినా తగ్గదు. హెచ్‌టీలో డిమాండ్ ఛార్జీ ఆ నెల మీటరు చూపిన గరిష్ఠ డిమాండ్ మీద గానీ, ఒప్పంద డిమాండ్ (కాంట్రాక్ట్ డిమాండ్)లో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దానిమీద వేస్తారు. మీకు 80 శాతం అంటే 200 కేవీఏ. హాలు తెరవకపోయినా ఆ 200కి కట్టాల్సిందే.

గత పన్నెండు బిల్లులు ముందేసుకుని గరిష్ఠ డిమాండ్, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కేవీఏలో నిజంగా పనిచేసే కిలోవాట్ల వంతు) రెండూ ఒక కాగితం మీద రాయండి. నిండు ముహూర్తాల నెలలో అసలు లోడు 180 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.85 ఉందనుకోండి. మీటరు 212 కేవీఏ చూపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ను 0.98కి తెస్తే అదే లోడు 184 కేవీఏ అవుతుంది. దానికి సుమారు 75 కేవీఏఆర్ (కెపాసిటర్ల సామర్థ్యం కొలిచే లెక్క) కెపాసిటర్లు కావాలి. అప్పుడు ఒప్పంద డిమాండ్ 200కి దించమని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఖాళీ నెలల్లో 200 బదులు 160 కేవీఏకి కడతారు. అయితే దించాక ఆ హద్దు దాటితే అదనపు ఛార్జీ పడుతుంది, అందుకే 184కీ 200కీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాను కాపాడుకోవాలి. పెళ్లి రోజు ఏసీలన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. అతిథులు రావడానికి రెండు గంటల ముందు సగం మెషీన్లు, తర్వాత పదేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కటి. లిఫ్టు, బోరు మోటారు, వంటశాల గ్రైండర్లు ఏ వేళకు పడతాయో మీ ఎలక్ట్రీషియన్ చేత రాయించి పెట్టండి.

కెపాసిటర్లు నేరుగా బస్‌బార్‌కు (ప్యానెల్‌లోని ప్రధాన కరెంటు పట్టీకి) కట్టేసి వదలకండి. లోడు లేని రోజుల్లో కెపాసిటర్లు అవసరానికి మించిపోయి వోల్టేజీ పెరుగుతుంది, పవర్ ఫ్యాక్టర్ లీడింగ్ అవుతుంది. లోడును బట్టి తానే కలుపుకుని తానే విడదీసుకునే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పెట్టించండి. ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్ ఏసీలు ఎక్కువగా ఉంటే హార్మోనిక్స్ (కరెంటు తరంగంలో వచ్చే వికారాలు) వల్ల కెపాసిటర్లు ఉబ్బి పగులుతాయి. అలాంటి చోట కెపాసిటర్లను వాటినుంచి కాపాడే 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు తప్పనిసరి. కొటేషన్‌లో ఆ మాట లేకపోతే రాయించండి.

ఏడాదిలో కొద్ది రోజులే నడిచే హాలుకు ఖరీదైన ఏసీలు మార్చడం మేం సిఫార్సు చేయం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

ప్ర: విజయవాడలో చీరల షోరూము. మంచి ఎల్‌ఈడీ లైట్లే వేశాం. అయినా మధ్యాహ్నానికి ఏసీ చాలడం లేదు.

జ: ఎల్‌ఈడీ అయినంత మాత్రాన లోడు తగ్గినట్టు కాదు. లైట్లన్నిటి వాట్లు కూడి నేల విస్తీర్ణంతో భాగించండి. 400 చదరపు మీటర్ల అంతస్తులో 12 కిలోవాట్ల దీపాలుంటే చదరపు మీటరుకు 30 వాట్లు. పోల్చుకోవడానికి, ఆఫీసు భవనానికి కోడ్ ఇచ్చే హద్దు 9.5 వాట్లు. షోరూముకు అంతకన్నా ఎక్కువ కావాలి, నిజమే, కానీ 14 వాట్ల లోపు చక్కగా సరిపోతుంది. 30 నుంచి 14కి వస్తే 6.4 కిలోవాట్లు మిగులుతాయి. ఆ వేడి తీయడానికి ఏసీ పడే 1.8 టన్నుల కష్టం కూడా మిగులుతుంది.

ఎక్కడ తగ్గించాలన్నదే అసలు విషయం. నడిచే దారి మీద, సీలింగ్ కోవ్‌లలో, మడతపెట్టిన చీరల ర్యాకుల మీద తగ్గించండి. చీర విప్పి పరిచే చోట తగ్గించకండి. అక్కడ సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైనున్న దీపాలు వేయండి. చౌక దీపం కింద మెరూన్ గోధుమ రంగులోకి దిగిపోతుంది, జరీ పాలిపోయినట్టు కనిపిస్తుంది. కొన్నవారు వీధిలోకి వెళ్లి చూసుకుని వెనక్కి తెస్తారు. స్టాక్ గదులకు, ట్రయల్ రూములకు మనిషి బయటికి వెళ్లిపోయిన 15 నిమిషాల్లో ఆరిపోయే సెన్సర్లు పెట్టండి.

ప్ర: నల్గొండలో సూపర్ మార్కెట్, ఒకటే అంతస్తు. శ్లాబు మీద తెల్ల పెయింటు వేస్తే చాలా, ఇన్సులేషన్ కూడా కావాలా?

జ: తెలంగాణ కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పు) విధానం 2023 ఏప్రిల్‌లో వచ్చింది. కొత్త వాణిజ్య భవనాలకు విస్తీర్ణంతో పని లేకుండా కూల్ రూఫ్ తప్పనిసరి. మీది పాత భవనమైనా వేయించుకోండి, ఖర్చుకు తగ్గ ఫలితం ఇంత త్వరగా ఇచ్చే పని మరొకటి లేదు. తెల్లగా ఉన్న ప్రతి పెయింటూ కూల్ పెయింటు కాదు. డబ్బా మీద కాదు, టెస్ట్ రిపోర్టులో చూడండి: కోడ్ కోరేది సోలార్ రిఫ్లెక్టెన్స్ (ఎండలో తిప్పికొట్టే వంతు) కనీసం 0.60, ఎమిటెన్స్ (పట్టిన వేడిని బయటికి వదిలే గుణం) కనీసం 0.90.

పని వరస తప్పితే డబ్బంతా పోతుంది. ముందు పగుళ్లు పూడ్చాలి, నీరు నిలిచే పల్లాలు సరిచేయాలి, వాటర్‌ప్రూఫింగ్ చేసి శ్లాబు మీద నీరు కట్టి రెండు రోజులు చూడాలి. బాగా ఆరాకే కోటింగ్. తడి శ్లాబు మీద వేస్తే తొలి వేసవిలోనే పొక్కులు లేస్తాయి. దుమ్ము పడితే రిఫ్లెక్టెన్స్ తగ్గిపోతుంది, వేసవికి ముందొకసారి, మధ్యలో ఇంకోసారి కడిగించండి.

ఒకటే అంతస్తు కాబట్టి ఇన్సులేషన్ కూడా కావాలనే మా అభిప్రాయం. 150 మి.మీ. శ్లాబు యూ విలువ 3 దాకా ఉంటుంది, కోడ్ అడిగేది 0.33. అంతకు దించాలంటే సుమారు 80–90 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు లాంటి ఇన్సులేషన్) బోర్డు, వాటర్‌ప్రూఫింగ్ పైన పరిచి, దానిమీద స్క్రీడ్ (సిమెంటు పూత) వేసి, ఆ పైన తెల్ల టైలు వేయాలి. బోర్డును ఎండకు వదిలితే చెడిపోతుంది. డబ్బు చాలక శ్లాబు కింద సీలింగ్‌లో ఇన్సులేషన్ వేసేవారున్నారు. అప్పుడు శ్లాబు పగలంతా కాగుతూ, రాత్రి చల్లారుతూ వ్యాకోచించి పగుళ్లు పడుతుంది. సోలార్ ప్యానెళ్లు పెట్టే ఆలోచన ఉంటే స్టాండ్ల పునాదులు ముందే పోయించండి. తర్వాత డ్రిల్ చేసిన ప్రతి రంధ్రమూ వానాకాలంలో బయటపడుతుంది.

ప్ర: గుంటూరులో పాత నర్సింగ్ హోమ్ మీద రెండంతస్తులు వేస్తున్నాం. పాత అంతస్తులనూ కోడ్ ప్రకారం మార్చాలా?

జ: పాతది, కొత్తది కలిపి మొదటి జవాబులో చెప్పిన హద్దు దాటితే కొత్తగా కట్టే భాగం, మీరు మార్చే భాగం కోడ్‌కు సరిపోవాలి. ముట్టుకోని పాత గోడలను పగలగొట్టనక్కర్లేదు. కరెంటు సర్వీసు 65 కేవీఏ దాటితే డిమాండ్, యూనిట్లు, పవర్ ఫ్యాక్టర్ మూడూ చూపే మీటరు ప్యానెల్‌లో శాశ్వతంగా ఉండాలి.

ప్ర: తిరుపతిలో 40 గదుల లాడ్జి. గదికో గీజరు ఉంది. తెల్లవారుజామున మూడింటి నుంచి అందరూ ఒకేసారి స్నానాలకు లేస్తారు, ఆ వేళ లోడు భరించలేకపోతున్నాం. సోలార్ పెట్టాలా, హీట్ పంప్ పెట్టాలా?

జ: రెండూ కలిపి. హోటళ్లకు కోడ్ కోరేది వేడినీటి సామర్థ్యంలో కనీసం 20 శాతం సోలార్, 20,000 చదరపు మీటర్లు, ఆపైన అయితే 40 శాతం. రోజుకు 3,000 లీటర్లు వాడితే 27 డిగ్రీల నీటిని 55కి తేవడానికి 98 యూనిట్లు కావాలి. గీజర్లు ఇంచుమించు అంతా కరెంటు నుంచే తీసుకుంటాయి. గాలిలోని వేడిని లాగి నీటికిస్తూ, తీసుకున్న కరెంటుకు మూడింతల వేడినిచ్చే హీట్ పంప్‌కు 33 యూనిట్లు చాలు. మేమైతే 1,500 లీటర్లు సోలార్‌కు, మిగతాది హీట్ పంప్‌కు పెడతాం. మీ లాడ్జికి దర్శనం వేళే ముఖ్యం కాబట్టి 3,000 లీటర్లూ రాత్రి పడుకునేసరికే ట్యాంకులో వేడిగా ఉండాలి. హీట్ పంప్‌ను మధ్యాహ్నం నుంచి నడపండి. గాలి వేడిగా ఉన్నప్పుడు అది తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. టైమ్ ఆఫ్ డే (వేళను బట్టి ధర మారే) టారిఫ్ ఉంటే సాయంత్రం పీక్ గంటల్లో ఆపేలా టైమర్ పెట్టించండి.

అంత మంచి మెషీను పెట్టాక పైపులు వదిలేస్తారు. ట్యాంకు నుంచి చివరి గదికి వేడినీరు రావడానికి మూడు నిమిషాలు పడితే, నిమిషానికి 6 లీటర్ల చొప్పున ఒక్కో గది 18 లీటర్లు కాలువలో పోస్తుంది. 40 గదులకు 720 లీటర్లు. వేడినీటి లైను ప్రతి అంతస్తులో తిరిగి ట్యాంకుకు వచ్చేలా రింగు వేసి, చిన్న సర్క్యులేషన్ పంపుకు టైమర్ పెట్టి రెండున్నరకు ఆన్ అయ్యేలా చేయండి. తిరిగొచ్చే లైనుకు కూడా ఇన్సులేషన్ వేయండి, ప్లంబర్లు ఎక్కువగా వదిలేసేది దాన్నే. బోరు నీరైతే సాఫ్ట్‌నర్ లేకుండా కనెక్షన్ ఇవ్వకండి, ట్యూబుల్లో సున్నం గట్టిపడి ఏడాదికే వేడి తగ్గుతుంది.