గూడ్స్ లైను ఎలాగూ ఉంది కదా, దాని మీదే లోకల్ రైళ్లు నడపలేరా?

మీ కాలనీ వెనకాల గూడ్స్ లైను ఉందని, కొత్త పట్టాలు లేకుండా దాని మీదే లోకల్ నడిపితే సరిపోదా అని అడిగారు. నడపొచ్చు. కాకపోతే పట్టాలుండటం అందులో తేలికైన భాగం.

మా ఇల్లు నేరేడ్‌మెట్‌లో. సికింద్రాబాద్ స్టేషన్‌కు పోకుండా మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు చుట్టుతిరిగి పోయే 22 కిలోమీటర్ల లైను మా వైపే. చిన్నప్పుడు డాబా మీద కూర్చుని బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. యాభై ఎనిమిదీ తప్పకుండా లెక్కపెట్టినవాడే మొనగాడు. ఆ లైను ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్లు) రెండో దశ కింద 2012-13లో మంజూరైంది. లోకల్ బండికి జెండా ఊపింది మాత్రం 2024 మార్చి 5న. సింగిల్ లైనును డబుల్ చేయాలి, కరెంటు తీగలు లాగాలి, సుచిత్ర, భూదేవినగర్, నేరేడ్‌మెట్ లాంటి ఆరు చోట్ల స్టేషన్లు కట్టాలి. మధ్యలో రక్షణ శాఖ స్థలం గుండా పోయే ముక్క దగ్గర పని ఏళ్ల తరబడి ఆగింది.

ఇదంతా అయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. మా బావ గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలట). "గూడ్స్‌కు టైమేంది బామ్మర్దీ, దారి దొరికితే పోతది, లేకుంటే లూప్‌లో నిలబడతది" అనేవాడు. లూప్ అంటే స్టేషన్ దగ్గర బండిని పక్కన నిలిపే లైను. పాత పద్ధతి సిగ్నళ్లలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక్క బండే ఉండాలి. అరకిలోమీటరు దాటిన పొడవుతో, నిండు బరువుతో గూడ్స్ మెల్లగా పాకుతుంటే, అది పూర్తిగా అవతలి స్టేషన్ చేరేదాకా వెనక లోకల్‌కు సిగ్నల్ పడదు. ఒకసారి నేనెక్కిన లోకల్ అలాగే ఆగిపోయింది. పక్కనున్న పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పి, ఇడ్లీలు తిని, చేయి కడుక్కున్నాక కదిలింది. ఆటోమేటిక్ సిగ్నళ్లుంటే బండి వెనక బండి పోవచ్చు. గూడ్స్‌ను పక్కకు తప్పించడానికి చాలినంత పొడవున్న లూప్ లైన్లు కూడా కావాలి.

అందుకే రైల్వేకు వినతిపత్రం ఇస్తే, అందులో "మాకు రైలు కావాలి" అని రాసి ఊరుకోకండి. జెండా ఊపిన బండి రోజుకు రెండు ట్రిప్పులు తిరిగినా అది రైలు ఇచ్చినట్టే లెక్క. పొద్దున 7 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా గూడ్స్ ఆపి అరగంటకో లోకల్ వేయగలరా అని అడగండి. స్టేషన్ నుంచి మెయిన్ రోడ్డుకు దారి ఎవరు వేస్తారో కూడా అందులోనే రాయించుకోండి.