ఫ్రోజెన్ కూరగాయల్లో సత్తువ ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 38. మా ఆయనా నేనూ ఉద్యోగాలకు వెళతాం కాబట్టి వారానికి ఒకేసారి కూరగాయలు కొని ఫ్రిజ్‌లో పెట్టుకుంటాం. వారం చివరికి వచ్చేసరికి సగం వాడిపోతున్నాయి. అందుకని నెల రోజులుగా ఫ్రోజెన్ బఠాణీ, పాలకూర, బీన్స్ కొంటున్నాను. మాతో ఉంటున్న మా నాన్నగారికి (72) ఇది నచ్చడం లేదు. ‘పీనుగను మంచుపెట్టెలో పెట్టినట్టు పెట్టిన కూరలో సత్తువేముంటుంది’ అంటున్నారు. ఆయనకు బీపీ ఉంది. గుండె లయ తప్పుతోందని వార్ఫరిన్ కూడా వాడుతున్నారు. మా పాపకు ఆరేళ్లు. వీళ్లిద్దరికీ ఫ్రోజెన్ కూరగాయలు పెట్టవచ్చా? తాజా కూరలతో పోలిస్తే వాటిలో పోషకాలు తక్కువా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ నాన్నగారి పోలిక ఘాటుగా ఉన్నా అందులో సగం నిజం ఉంది. ఫ్రోజెన్ కూరగాయలో ప్రాణం ఉండదు. బుట్టలో ఉన్న కూరగాయలో ప్రాణం ఉంటుంది, అయితే అది రోజురోజుకూ తరిగిపోవడానికి కారణం కూడా ఆ ప్రాణమే. ఈ రెండో సగం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మొక్క నుంచి వేరైన క్షణంలోనే కూరగాయ చచ్చిపోదు. వేరు నుంచి నీరు రావడం ఆగిపోతుంది కానీ ఊపిరి ఆగదు. తనలో దాచుకున్న చక్కెరలను, ఆమ్లాలను ఖర్చు పెట్టుకుంటూ, తేమను వదులుకుంటూ కాలం గడుపుతుంది. బఠాణీ కాయతో దీన్ని నాలుక మీదే చూడవచ్చు. అప్పుడే కోసిన కాయను వలిచి ఒక గింజ నోట్లో వేసుకుంటే తియ్యటి రసంతో చిట్లుతుంది. అదే కాయ రెండు రోజులు వంటగది గట్టు మీద ఉంటే గింజ పిండి పిండిగా తగులుతుంది. తీపినిచ్చే చక్కెరలు కొంత ఖర్చయిపోయి, కొంత పిండిపదార్థంగా మారిపోయి ఉంటాయి. లేత మొక్కజొన్న కూడా ఇంతే.

ఈ లోపల అందరికంటే ముందు దెబ్బ తినేది విటమిన్ సి. గాలి తగిలినా, వేడి తగిలినా, ఎంజైములు కదిలినా అది నిలవదు. పాలకూరను గది వేడిలో వారం రోజులు వదిలేస్తే అందులో విటమిన్ సి దాదాపు మిగలదు. ఫ్రిజ్‌లో పెట్టినా వారంలో నాలుగింట మూడు వంతులు పోయినట్టు కొలిచి చూసినవాళ్లు చెప్పారు. బీన్స్‌ది కూడా దాదాపు ఇదే కథ. క్యారెట్ మాత్రం గట్టి పిండం, బయట ఉంచినా వారానికి పావు వంతుకు కాస్త ఎక్కువ పోగొట్టుకుంటుంది, అంతే.

మనం ‘తాజా’ అనే మాటను చూపుతో తేల్చేస్తాం. ఆకు నిలబడి ఉంటే, కాయ నిగనిగలాడితే తాజా. పైన నీళ్లు చల్లితే మూడు రోజుల పాత ఆకు కూడా నిలబడుతుంది. తోటలో కోసిన రోజు, లారీలో గడిపిన రోజు, గోదాములో గడిపిన రోజు, దుకాణంలో గడిపిన రోజు, చివరికి మీ ఫ్రిజ్ అడుగు అరలో గడిపిన రోజులు, అన్నీ దాని వయసులో భాగమే. కూరలు కొనేటప్పుడు ‘తాజావేనా’ అని అడగడం కంటే ‘ఎప్పుడు కోశారు’ అని అడగడం మేలు. సూటిగా జవాబు రావడం మాత్రం అరుదు.

ఫ్రోజెన్ కూరగాయల సంగతి వేరే. సాధారణంగా వాటిని పూర్తిగా ఎదిగిన దశలో కోసి, వెంటనే ఫ్యాక్టరీకి చేరుస్తారు. బఠాణీ లాంటి వాటికి ఈ వ్యవహారమంతా గంటల్లోనే అయిపోతుంది. అక్కడ ముందు వాటిని మరుగుతున్న నీటిలోనో ఆవిరిలోనో ఒకటి నుంచి మూడు నిమిషాలు ముంచి తీస్తారు. దీన్ని బ్లాంచింగ్ అంటారు. చలి ఒక్కటే ఎంజైములను పూర్తిగా ఆపలేదు కాబట్టి, ఈ వేడి వాటి పనిని ఆపేస్తుంది. లేకపోతే ఫ్రీజర్‌లో కూడా అవి నెమ్మదిగా పనిచేస్తూ రంగునూ రుచినీ చెడగొడతాయి. ఆ తరువాత చల్లార్చి, సున్నాకు 30 డిగ్రీల దిగువన ఉన్న చల్లటి గాలి ఊదుతూ విడివిడిగా గడ్డ కట్టిస్తారు. మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచుతారు. అక్కడితో దాని గడియారం దాదాపు ఆగిపోతుంది.

నష్టం లేదని కాదు. బ్లాంచింగ్ నీటిలో విటమిన్ సి, ఫోలేట్, బి1 కొంత కరిగిపోతాయి. కూరను బట్టి, పద్ధతిని బట్టి విటమిన్ సి పదో వంతు నుంచి సగం దాకా పోవచ్చు. తేడా అంతా ఆ నష్టం ఎప్పుడు జరుగుతుందన్న దగ్గర ఉంది. ఫ్రోజెన్ కూర మొదట్లోనే ఒక్కసారి పెద్ద జరిమానా కట్టి, ఆ తరువాత నెలల తరబడి స్వల్పంగా మాత్రమే పోగొట్టుకుంటుంది. తాజా కూర రోజూ వడ్డీ కడుతూ ఉంటుంది. కోసిన రోజే వండుకుంటే తాజాదే గెలుస్తుంది. వారం చివరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మీరు చెప్పిన ‘వారం చివరి’ కూరలు సరిగ్గా ఇక్కడే ఉన్నాయి.

ఈ విషయాన్ని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు కూడా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని శాస్త్రవేత్తలు 2015లో మొక్కజొన్న, క్యారెట్, బ్రకోలీ, పాలకూర, బఠాణీ, బీన్స్, మరో రెండు పండ్లు తీసుకుని, తాజావీ ఫ్రోజెన్‌వీ పోల్చారు. విటమిన్ సి ఎనిమిదింటిలో అయిదింటిలో సమానంగా ఉంది, మూడింటిలో ఫ్రోజెన్‌లోనే ఎక్కువగా ఉంది. 2017లో జార్జియా విశ్వవిద్యాలయం వారు ఒక అడుగు ముందుకు వేసి, అచ్చం మన ఇళ్లలో జరిగేలా తాజా కూరలను అయిదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి కొలిచారు. చాలావాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనిపించిన చోట అయిదు రోజులు నిలవున్న తాజా కూర కంటే ఫ్రోజెన్‌దే ఎక్కువసార్లు పైచేయి అయింది.

పీచు, ఇనుము, కాల్షియం లాంటి ఖనిజాల గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. గడ్డ కట్టినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు.

ఫ్రోజెన్ ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. డేవిస్ పరిశోధనలోనే కొన్ని కూరల్లో, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ గట్టిగా తగ్గింది. బ్రకోలీది మరో తమాషా. దాన్ని నమిలినప్పుడు, తరిగినప్పుడు అందులోని ఒక ఎంజైము వల్ల సల్ఫొరాఫేన్ అనే పదార్థం పుడుతుంది. క్యాన్సర్ పరిశోధకులకు దీని మీద చాలాకాలంగా ఆసక్తి ఉంది. బ్లాంచింగ్‌లో ఆ ఎంజైము పోతుంది కాబట్టి ఫ్రోజెన్ బ్రకోలీలో ఆ పదార్థం దాదాపు తయారు కాదు. చిటికెడు ఆవపొడో, తురిమిన పచ్చి ముల్లంగో కలిపితే, ఆ ఎంజైము వాటిలో ఉంది కనుక పని మళ్లీ మొదలవుతుంది. పచ్చిగా, కరకరలాడుతూ తినాల్సిన కీర, ముల్లంగి, టమాటా లాంటివాటిని ఫ్రీజర్‌లో పెట్టడం మాత్రం దండగ. గడ్డ కట్టేటప్పుడు నీరు స్ఫటికాలై కణాల గోడలను చీల్చేస్తుంది. కరిగాక మెత్తగా, నీళ్లు కారుతూ ఉంటాయి. మీ నాన్నగారు సత్తువ లేదన్నది బహుశా ఈ మెత్తదనాన్ని చూసే. పళ్ల కింద తెలిసే బిగువు వేరు, లోపలి పోషకాలు వేరు.

ఇక వంటింటికి వద్దాం. నా దగ్గరికి వచ్చేవాళ్లతో మాట్లాడినప్పుడు నాకు అర్థమైనది ఏమిటంటే, ఫ్యాక్టరీలో పోయినదానికంటే పొయ్యి మీద పోయేదే ఎక్కువ. ప్యాకెట్ తెచ్చి ఉదయం నుంచి గిన్నెలో కరగబెట్టి, ఆ నీరు పారబోసి, మళ్లీ గిన్నెడు నీళ్లలో పచ్చి కూరతో సమానంగా ఉడికించి, ఆ నీటినీ వంపేసేవాళ్లు ఉన్నారు. ఫ్రోజెన్ కూర ముందే కొంత ఉడికింది. దానికి పచ్చిదానికి పట్టేంత సమయం అక్కర్లేదు. కరగబెట్టవద్దు. గడ్డగా ఉన్నదాన్నే వేడి గిన్నెలో వేసి, రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి, గింజ లోపలి దాకా పొగలు వచ్చే వరకు ఉంచి దించండి. మిగిలిన కాస్త నీరు కూరలోనే ఇంకిపోనివ్వండి. క్యారెట్, పాలకూర లాంటివాటికి కొంచెం నూనె తగిలితే బీటా కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది.

మీ పాపకు నిస్సంకోచంగా పెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఫ్రీజర్ తెరిచి, గడ్డ కట్టిన బఠాణీలను చాక్లెట్లలా చప్పరించడం పిల్లలకు భలే ఇష్టం. అలా తిననివ్వకండి. చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే కానీ చంపదు. బ్లాంచింగ్ పూర్తి వంట కిందికి రాదు. 2015 నుంచి 2018 వరకు అయిదు యూరప్ దేశాల్లో 47 మందికి లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి, వారిలో 9 మంది చనిపోయారు. ఆరా తీస్తే దానికి మూలం ఫ్రోజెన్ మొక్కజొన్న అని తేలింది. ఇది తరచుగా జరిగేది కాదు, భయపడి ప్యాకెట్లు పారేయకండి. కానీ గర్భిణులు, 65 దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో వీటిని సలాడ్‌లో అలాగే కలిపేయడం తగదు. మీ నాన్నగారు ఈ వయసులోనే ఉన్నారు.

కొనేటప్పుడు ప్యాకెట్‌ను చేత్తో ఊపి చూడండి. గింజలు విడివిడిగా గలగలమంటే మంచిది. అంతా ఒకే రాయిలా బిగుసుకుపోయి ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డ కట్టిందని అనుమానించాలి. ఇంట్లోనే గడ్డ కట్టించుకోవాలనుకుంటే బఠాణీని మరిగే నీటిలో నిమిషంన్నర, పాలకూరను రెండు నిమిషాలు, బీన్స్‌ను మూడు నిమిషాలు ఉంచి, వెంటనే అంతే సేపు మంచునీటిలో వేసి, బాగా ఆరబెట్టి పెట్టండి.

వారం సరుకును వాడే వరుస కూడా మార్చి చూడండి. మొదటి రెండు మూడు రోజులూ ఆకుకూరలు, బీన్స్, ఆ వెనుక క్యాబేజీ, క్యారెట్ లాంటి గట్టివి, చివరి రెండు రోజులకు ఫ్రోజెన్. నేను కూడా ఇలాగే చేస్తాను. ఫ్రిజ్ అడుగున నల్లబడిన కొత్తిమీర కట్టలు నాకూ చాలానే దొరికాయి మరి.

మీ నాన్నగారి బీపీ గురించి ఒక చిన్న మాట. ఫ్యాక్టరీలో ముదురు బఠాణీలను లేతవాటి నుంచి వేరు చేయడానికి ఉప్పునీటిలో వేస్తారు. పిండి ఎక్కువున్న ముదురువి మునుగుతాయి, లేతవి తేలుతాయి. అందువల్ల ఉప్పు వేయలేదని రాసి ఉన్నా, 100 గ్రాముల పచ్చి బఠాణీలో 5 మిల్లీగ్రాములున్న సోడియం ఫ్రోజెన్‌లో 100 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు, కాబట్టి ఇందులో కంగారు పడాల్సింది లేదు. కూరలో మీరు వేసే ఉప్పును ఆ మేరకు తగ్గిస్తే సరిపోతుంది. సాస్, వెన్న, మసాలా కలిపి అమ్మే ప్యాకెట్లు మాత్రం ఆయనకు వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది వార్ఫరిన్. ఆ మందు విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తాన్ని పలుచగా ఉంచుతుంది. విటమిన్ కె నీటిలో కరగదు కాబట్టి బ్లాంచింగ్‌లో పెద్దగా పోదు. తరిగిన పచ్చి పాలకూర ఒక కప్పు 30 గ్రాములే తూగుతుంది, అందులో విటమిన్ కె 145 మైక్రోగ్రాములు. ఉడికించిన ఫ్రోజెన్ పాలకూర అదే కప్పుకు 190 గ్రాములుంటుంది, విటమిన్ కె వెయ్యి మైక్రోగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ‘రోజూ ఒక కప్పే కదా’ అనుకుంటూ మందు బలాన్ని మనకు తెలియకుండానే తగ్గించేస్తాం. అలాగని పాలకూర పూర్తిగా మాన్పించినా ప్రమాదమే, అప్పుడు మందు అతిగా పనిచేసి రక్తస్రావం కావచ్చు. కావలసిందల్లా వారం వారం ఒకే మోతాదు. కప్పుతో కాకుండా తూకంతో కొలిచి పెట్టండి. నెల రోజులుగా ఫ్రోజెన్ పాలకూర వాడుతున్నామన్నారు కనుక, తరువాతి పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఈ వారమే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంత సేపు పడుతోందో చూసే పరీక్ష) చేయించి, వారానికి ఎంత పాలకూర తింటున్నారో ఆయన హృద్రోగ వైద్యునికి చెప్పండి. మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆ అంకె చూసి ఆయనే చెబుతారు, మీరుగా మార్చవద్దు.