చిన్న పాప ఉన్న ఇంటికి షెల్టర్ కుక్క: కుక్కపిల్లకంటే పెరిగిన కుక్కే మేలు

హనుమకొండలో ఫ్లాట్‌లో ఉంటాం, ఐదేళ్ల పాప ఉంది, షెల్టర్ నుంచి కుక్కపిల్లను తెచ్చుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తెచ్చుకోండి. కానీ పిల్లను కాదు, పెరిగిన కుక్కను తెచ్చుకోండి. మాది వరంగల్ కరీమాబాద్, పాత ఇల్లు. అత్తమ్మ, మా ఆయన, నేను, మా బాబు ఉంటాం. కొన్నేళ్ల కింద షెల్టర్ నుంచి ఒక ఆడ ఊరకుక్కను తెచ్చుకున్నాం. పేరు బంతి. అప్పటికే దానికి రెండేళ్లు దాటి ఉంటాయని డాక్టర్ పళ్లు చూసి చెప్పారు.

పిల్ల వద్దని ఎందుకంటున్నానంటే, మొదటి భయం పార్వో అనే వైరస్ జబ్బు. షెల్టర్లో ఎక్కడెక్కడి కుక్కపిల్లలనో తెచ్చి ఒకచోట ఉంచుతారు, ఒకదానికి వస్తే మిగతావాటికి అంటుకుంటుంది. వైరస్ లోపలికి పోయాక సాధారణంగా వారం లోపే లక్షణాలు బయటపడతాయి. అంటే అక్కడ గంతులేసిన పిల్ల, మీ ఇంటికొచ్చిన నాలుగో రోజు వాంతులు, నెత్తుటి విరేచనాలతో పడిపోవచ్చు. మీ పాప దానికి అప్పటికే పేరు పెట్టుకుని ఉంటుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ కావాలి. పైగా టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి వేయిస్తూ పోవాలి. అన్నాళ్లూ దాన్ని వీధిలోకి దింపడానికి లేదు. పళ్లు వచ్చే వయసు కాబట్టి పిల్లల చేతులు కొరుకుతుంది కూడా.

పెరిగిన కుక్క ఎలాంటిదో అక్కడే కనబడుతుంది. గేటు దగ్గర ఎగిరి మీద పడేదాన్ని చూసి మురిసిపోకండి. అక్కడ రోజూ అన్నం పెట్టే మనిషిని పక్కకు పిలిచి అడగండి: గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమంటుందా, మగవాళ్లను చూసి బెదురుతుందా, ఎన్నాళ్ల నుంచి ఉంది, యాంటీ రేబిస్ టీకా ఎప్పుడు వేశారు. ఆఫీసులో కూర్చున్నవాళ్ల కంటే ఆ మనిషికే ఎక్కువ తెలుస్తుంది. చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. రెండోసారి వెళ్లినప్పుడు పాపను తీసుకెళ్లండి, కుక్కను గేటు బయట కాసేపు నడిపించి చూడండి.

ఇక ఇంటికి వచ్చాక మొదటి రోజులు. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి వెనక్కి ఇచ్చేస్తారు. బంతి వచ్చిన రోజే మంచం కిందికి దూరింది. పిలిస్తే రాదు, ఎదురుగా అన్నం పెడితే ముట్టదు. రాత్రి లైట్లు ఆర్పేశాక గిన్నె చప్పుడు వినబడేది. అత్తమ్మ చీపురు చేతబట్టిందంటే చాలు, నేలకు అతుక్కుపోయి అక్కడే మూత్రం పోసేది. కుక్కను తెస్తామంటే ఒప్పుకోని మనిషి అత్తమ్మ. దేవుని అర్ర వైపు రానీయొద్దని గట్టిగా చెప్పింది. అది అలా వణకడం చూసి, “దీన్ని ఎవలో మస్తు కొట్టిన్రు బిడ్డా” అని చీపురు పక్కన పెట్టేసింది. ఆ తర్వాత అది పెరట్లో ఉన్నప్పుడే ఇల్లు ఊడ్చేది. మధ్యాహ్నం పెరుగన్నం కలిపి మంచం పక్కన పెట్టి, దానివైపు చూడకుండా కూర్చునేది. బంతి మా ఇంట్లో మొదట దగ్గరికి చేరింది ఆమెకే.

మీరూ అలాగే చేయండి. చుట్టాలను, పక్క ఫ్లాట్ల వాళ్లను చూడ్డానికి పిలవొద్దు. నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, దానంతట అదే వచ్చి వాసన చూస్తుంది. పాపకు మాత్రం గట్టి కట్టడి పెట్టాలి: తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరికి పోవద్దు, మంచం కింద చేయి పెట్టొద్దు, మెడ చుట్టూ చేతులు వేసి హత్తుకోవద్దు. ఉడికించిన గుడ్డు ముక్కలు దూరం నుంచి వేయమనండి, పాపకూ సంతోషమే. పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒక గదిలో వదలొద్దు. టీకా వేసిన కుక్కే అయినా గోరు గీరినా, పన్ను దిగినా పావుగంట సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరి ఆసుపత్రికో తీసుకెళ్లండి.

కొత్తలో కుక్కలు తప్పించుకునే ప్రమాదం ఎక్కువ. లిఫ్ట్ తలుపు చప్పుడుకే బెదిరి లాగేస్తాయి. మెడపట్టీ ఒక్కటే చాలదు, ఛాతీకి కట్టే హార్నెస్ కూడా వేయండి, ఫోన్ నంబర్ రాసిన బిళ్ల తగిలించండి. దసరాకు మా దగ్గర రంగలీల మైదానంలో రావణవధ అంటే పటాకుల మోత ఇల్లంతా అదురుతుంది. ఆ రోజు పొద్దు గూకకముందే తిప్పుకొచ్చి, లోపలి గదిలో ఫ్యాన్, టీవీ పెట్టి ఒకరం దానితోనే ఉంటాం.

ఆరోగ్యం విషయంలో, గోమార్లు (పిడుదులు) కుట్టడం వల్ల వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి. బంతి వచ్చిన కొత్తలోనే తిండి మానేసి, ఒళ్లు కాలిపోయి పడుకుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది, డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ఆ మందు దాదాపు నెల రోజులు వాడాలి, లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపొద్దు. మనుషుల జ్వరం గోళీలు అస్సలు వేయొద్దు. అందుకే తెచ్చిన మొదటి వారంలోనే ఒకసారి పశువైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ కూడా ఉంది. తిండికి అన్నం, గుడ్డు, చికెన్ చాలు. ఉల్లిగడ్డ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం పెట్టొద్దు.

ఫ్లాట్ల సంఘం వాళ్లు అడ్డు చెబితే భయపడకండి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. టీకా కార్డు, దత్తత కాగితం జిరాక్స్ తీసి వాళ్లకు ఒకటి ఇచ్చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికైనా వారం సెలవు దొరికినప్పుడే తీసుకురండి, దసరా, దీపావళి వెళ్లాకైతే ఇంకా మంచిది. కుదరకపోతే తిరిగి తీసుకుంటామని షెల్టర్ వాళ్ల చేత దత్తత కాగితం మీదే రాయించుకోండి.