వైరస్ మందుల నుంచి టీబీ మందులు: ఈ పరిశోధన చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరం. వైరస్‌లకు వాడిన పాత మందుల్ని మార్చి టీబీకి కొత్త మందులు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. వైరస్ మందు టీబీకి పనిచేయడం ఏమిటి? అన్నేళ్లు చదివాక ఉద్యోగం ఉంటుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ సందేహం సరైనదే. టీబీ బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు కాబట్టి వైరస్ మందు ఉన్నదున్నట్టు ఇస్తే తగ్గుతుందని అనుకోలేం. సాధారణంగా ఇలాంటి పరిశోధనలో వాడుకునేది ఆ మందు అణువు చట్రాన్ని, అంటే దాని మూల నిర్మాణాన్ని. ఈ రెండు రకాల మందులకు చుట్టరికం పాతదే. థయోసెమికార్బజోన్లు అనే రసాయనాల కుటుంబం నుంచి 1940ల్లో టీబీకి థయాసెటజోన్ అనే మందు వచ్చింది. అదే కుటుంబంలోని వైరస్ మందు మెథిసజోన్‌ను 1960ల్లో మద్రాసులో మశూచి రోగులతో కలిసి ఉన్నవాళ్లకు, జబ్బు సోకకుండా ఇచ్చి చూశారు. ఆ మెథిసజోన్‌లో ఉండే ఐసాటిన్ అనే చట్రానికి వేరే వేరే అణు సమూహాలు తగిలించి టీబీ బ్యాక్టీరియా మీద పరీక్షించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు.

అయితే ‘పాత మందే కదా, పని త్వరగా అవుతుంది’ అనే మాట నమ్మకండి. అణువును మార్చారంటే అది కొత్త మందే. విషప్రభావం, మోతాదు మళ్లీ మొదటి నుంచి తేల్చాలి. పైగా టీబీ బ్యాక్టీరియాకు మైనంలాంటి గోడ ఉంటుంది, చాలా మందులు దాన్ని దాటలేవు. ఈ.కోలై అనే మామూలు బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెండింతలైతే దీనికి దాదాపు 20 గంటలు కావాలి. ప్లేటు మీద కాలనీలు కనిపించడానికే మూడు నాలుగు వారాలు. ప్రాణాంతక బ్యాక్టీరియా కాబట్టి బీఎస్‌ఎల్-3 ల్యాబ్ (ప్రమాదకర క్రిములు బయటికి రాకుండా కట్టిన ల్యాబ్) ఉండాలి, అది అన్ని కాలేజీల్లో ఉండదు.

అందుకే మీ అమ్మాయిని ముందు ఒకటి అడగండి: అణువులు తయారుచేయడం ఇష్టమా, బ్యాక్టీరియాతో పనిచేయడం ఇష్టమా? రెండోదైతే చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, లక్నోలోని సీడీఆర్‌ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ) చూడాలి. మొదటిదైతే జీప్యాట్ (ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంఫార్మసీలో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ లేదా హైదరాబాద్ నైపర్‌లో (జాతీయ ఫార్మసీ విద్యా సంస్థ) మెడిసినల్ కెమిస్ట్రీ, ఆ తర్వాత హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లోనో పీహెచ్‌డీ.

నా ఓటు కెమిస్ట్రీకే. టీబీ పేదల జబ్బు, కంపెనీలు దాని మీద పెద్దగా డబ్బు పెట్టవు. టీబీ మందుల పరిశోధన మాత్రమే చేస్తానంటే ఉద్యోగాలు తక్కువ. సింథసిస్‌లో, అంటే అణువుల తయారీలో, చేయి తిరిగిన కెమిస్టుకు మాత్రం హైదరాబాద్ కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీల్లో (వేరే కంపెనీలకు పరిశోధన చేసిపెట్టేవి) పని ఉంటుంది, జబ్బు ఏదైనా సరే. ఖర్చు గురించి మరీ టెన్షన్ వద్దు. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టు సింథసిస్‌లో తీసుకోమనండి. రియాక్షన్లు విఫలమవుతూ ఉంటే, కాలమ్ (పదార్థాల్ని వేరుచేసే గాజు గొట్టం) పెట్టి గంటలు నిలబడాల్సి వస్తే విసుగొస్తుందేమో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాతే పీహెచ్‌డీ సంగతి మాట్లాడుకోండి.