బాలు గారి ఇల్లు చూడటానికి విశాఖ నుంచి అంత దూరం వెళ్లడంలో అర్థం ఉందా?

మీ ప్రశ్న ఇదీ: మీ నాన్నగారు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి వీరాభిమాని. వయసు 70 దాటింది. ఒక్కసారి బాలు గారి ఇల్లు చూపించి తీసుకురావాలని మీకుంది. మనిషే లేనప్పుడు గోడలు చూసొస్తే ఏమొస్తుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పమన్నారు.

నేను వెళ్లొచ్చాను. మాది గాజువాక. పగలు ఉద్యోగం, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. మా ఆర్కెస్ట్రావాళ్లం కొందరం కలిసి నెల్లూరు, చెన్నై, ఆయన సమాధి ఉన్న తామరైపాక్కం చూసొచ్చాం. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ఏ ఇంటికి తీసుకెళ్తున్నారో ముందు తేల్చుకోండి.

చెన్నైలో ఆయన ఉన్నది నుంగంబాక్కంలోని కామ్‌దార్ నగర్‌లో. ఆ వీధికి ఇప్పుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరే ఉంది. 2024 సెప్టెంబరు 25న, ఆయన నాలుగో వర్ధంతి రోజున, తమిళనాడు ముఖ్యమంత్రి ఆ మాట ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో బోర్డు పెట్టారు. ఆ బోర్డు నాన్నగారికి చూపించండి, పక్కన నిలబెట్టి ఫొటో తీయండి. అంతవరకే. అది నలుగురూ కాపురాలు చేసుకునే వీధి. గేటు దగ్గర గుంపుగా చేరి కాలింగ్ బెల్ కొట్టడం, గోడ మీంచి ఫోన్ ఎత్తి వీడియో తీయడం అభిమానం కాదని నేను గట్టిగా నమ్ముతాను. బాలు గారు ఎంత మర్యాద గల మనిషో మనందరికీ తెలుసు. ఆయన పేరు చెప్పుకుని అమర్యాదగా ఉండకూడదు.

నెల్లూరు సంగతి వేరు. తిప్పరాజువారి వీధిలో వాళ్ల సొంత ఇల్లు ఉండేది. తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. ఆ ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి ఇచ్చేశారు. తేదీ గమనించండి. ఆస్పత్రిలో చేరడానికి సుమారు ఆర్నెల్ల ముందు. తర్వాత ఏం జరగబోతోందో అప్పుడు ఎవరికి తెలుసు! బతికుండగానే, పాడుతుండగానే, తన చేతుల మీదుగా ఇచ్చేసి వెళ్లారు. మేము వీధిలో నిలబడి చూశాం, దణ్ణం పెట్టుకున్నాం, వచ్చేశాం. మాలో ఒకాయన మాత్రం చాలాసేపు కదల్లేదు. పాటలు పాడి సంపాదించినాయన, తండ్రి ఉన్న ఇంటిని పిల్లలు చదువుకోవడానికి వదిలేశాడు కదా అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. అదే ఊళ్లో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు కూడా 2020 నవంబరులో బాలు గారి పేరు పెట్టారు. నెల్లూరులో దిగితే రెండూ ఒకే పూటలో చూసేయొచ్చు.

ఇక తామరైపాక్కం. నా మాట వింటే, మీ ప్రయాణం దీనికోసమే పెట్టుకోండి.

2020లో మనం ఎలా ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. ఆగస్టు 5న ఆయన కరోనాతో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. కొద్దిగా జ్వరం, జలుబు, కంగారుపడకండి అని ఆస్పత్రి నుంచి ఆయనే వీడియోలో చెప్పారు. తర్వాత వెంటిలేటర్ అన్నారు. ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకు ఎక్కడివాళ్లక్కడ ఆయన కోసం ప్రార్థించాలని సినిమావాళ్లు పిలుపిచ్చారు. మా కాలనీలో ఆ సాయంత్రం ఏ ఇంటికి ఆ ఇంట్లోనే బాలు పాట పెట్టుకుని కూర్చున్నారు. సెప్టెంబరు 25 మధ్యాహ్నం కబురు తెలిసింది. మర్నాడు తామరైపాక్కంలోని తన తోటలో, ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. మనం టీవీలో చూశాం. విశాఖ నుంచి వెళ్దామంటే కరోనా భయం, రైళ్లు అంతంత మాత్రం, వెళ్లినా దగ్గరికి చేరే దారి లేదు. ఘంటసాల తర్వాత మన చెవుల్లో అంతగా నిలిచిపోయిన గొంతు అది. ఆ మనిషికి చివరి చూపు దక్కించుకోలేకపోయాం. మాలాంటి కళాకారులకైతే సంతాపసభ పెట్టుకునే వీలు కూడా లేకపోయింది. ఫోన్లో ఒకరినొకరు ఓదార్చుకున్నాం.

గోడలు చూస్తే ఏమొస్తుందన్నవాళ్లకు నా జవాబు ఇదే. మీ నాన్నగారు చూడాలనుకుంటున్నది గోడల్ని అయ్యుండదు. పోయినవాళ్లింటికి వెళ్లి ఒక్క పూట కూర్చుని రావడం మనకు ఆచారం. ఆ ఏడాది అది జరగలేదు. ఆయన మనసులో అది అలాగే ఉండిపోయి ఉంటుంది. నాకు ఉండిపోయింది, మా వాళ్లందరికీ ఉండిపోయింది. తామరైపాక్కం వెళ్లొచ్చాకే కొంత తేలికపడ్డాం.

ఊరు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. చెన్నై నుంచి రెడ్‌హిల్స్ దాటి వెళ్లాలి. ట్రాఫిక్‌ను బట్టి గంటన్నర, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. మేము వెళ్లినది జయంతీ కాదు, వర్ధంతీ కాదు, మామూలు రోజు. అయినా మేమొక్కళ్లమే లేం. కోలారు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు, కోడలు ఉన్నారు. తమిళ దంపతులు ఒక జంట ఉన్నారు. ఒక కుర్రాడు ఎవరితోనూ మాట్లాడకుండా చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. చెప్పులు విడిచి అందరం కాసేపు మౌనంగా ఉన్నాం. ఇంత దూరం వచ్చాక ఏం చేయాలో ఎవరికీ తోచదు. పూలు పెట్టాం, దణ్ణం పెట్టాం, ఆ తర్వాత?

అప్పుడు మా ట్రూపులో పాడే అతను మెల్లగా మొదలుపెట్టాడు. పాట కాదు, ముందు పేర్లు. ‘సిరివెన్నెల చిత్రం నుంచి. రచన సీతారామశాస్త్రి గారు, సంగీతం కె.వి. మహదేవన్ గారు, బాలు గారితో కలిసి పాడినది సుశీలమ్మ గారు’ అని చెప్పి, ‘విధాత తలపున’ అందుకున్నాడు. మాతో వచ్చిన అమ్మాయి సుశీలమ్మ భాగం పాడింది. శ్రుతిపెట్టె లేదు, తాళం లేదు. నాకు గొంతు పెగల్లేదు.

అలా పేర్లు చెప్పి పాడే అలవాటు మా అందరికీ ‘పాడుతా తీయగా’ నేర్పింది. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో బాలు గారు ఏ పాట గురించి మాట్లాడినా రాసినవారిని, స్వరం కట్టినవారిని తలుచుకోకుండా ముందుకు వెళ్లేవారు కాదు. శ, ష, స తేడా రాకపోతే పిల్లల్ని ఆపి మరీ దిద్దేవారు. ఇవాళ విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గానీ, కళాభారతిలో గానీ బాలు పాటల సాయంత్రం జరిగితే గమనించండి, కొత్తగా పాడే పిల్లలు కూడా రచయిత పేరు చెప్పకుండా మైకు పట్టుకోరు. అభిమానుల భక్తి అంటే కటౌట్లు, పాలాభిషేకాలు గుర్తొస్తాయి కదా. బాలు అభిమానుల భక్తి ఇలా ఉంటుంది. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆ పాటను మన ఉత్తరాంధ్రవాళ్లు అక్కడ ఎందుకు ఎత్తుకున్నారో మీకీపాటికి అర్థమై ఉంటుంది. రాసినాయన మన అనకాపల్లిలో పెరిగారు. సుశీలమ్మ పుట్టింది విజయనగరంలో. పాడినాయన నెల్లూరు. 1986 నాటి ఆ చిత్రమే శాస్త్రి గారి ఇంటిపేరుగా మారింది. ఆయన కూడా 2021 నవంబరు 30న వెళ్లిపోయారు. పాట ముగిశాక మా అతను ‘ఇద్దరూ లేరు’ అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేకపోయాం.

తర్వాత కోలారు పెద్దాయన ముందుకొచ్చారు. కన్నడంలో ఏవో పేర్లు చెప్పి తన పాట మొదలుపెట్టారు. భాష రాకపోయినా మాకు తెలిసిపోయింది, ఆయనా రాసినవారి పేరు, సంగీతం పేరు చెబుతున్నారని. కన్నడంలో బాలు గారు నడిపిన ‘ఎదె తుంబి హాడువెను’ కార్యక్రమం చూసి ఆయనకూ అదే అలవాటైందట. కోడలు కాస్త హిందీ కలిపి మాకు చెప్పింది. బాలు గారికి వచ్చిన ఆరు జాతీయ అవార్డుల్లో మూడు తెలుగు పాటలకు, ఒక్కొక్కటి హిందీ, కన్నడం, తమిళ పాటలకు. లెక్కగా చదివితే అది ఒక వాక్యం. ఆ తోటలో నిలబడితే ఆ భాషలవాళ్లు మనుషులై పక్కన కనిపిస్తారు. తమిళ దంపతులు పాడలేదు గానీ, మేము పాడుతున్నంతసేపూ ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఇంకో మాట. చనిపోయిన కళాకారుడికి ఇంత భక్తి అవసరమా అని మీ ఇంట్లో అడిగితే, బాలు గారే ఎంత పెద్ద భక్తుడో చెప్పండి. 1966 డిసెంబరులో తనచేత మొదటి పాట పాడించిన సంగీత దర్శకుడు కోదండపాణి గారిని ఆయన జీవితాంతం మరవలేదు. సొంతంగా రికార్డింగ్ స్టూడియో కట్టుకుంటే దానికి పెట్టింది గురువు పేరే, కోదండపాణి ఆడియో ల్యాబ్స్. పాటల ప్రస్థానం 50 ఏళ్లు నిండినప్పుడు ఏసుదాస్ గారిని కూర్చోబెట్టి పాదపూజ చేశారు. మహమ్మద్ రఫీ గురించి మాట్లాడితే ఆయన గొంతు మారిపోయేది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి ‘శంకరాభరణం’ పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారంటే, తనకన్నా పెద్దవాళ్ల ముందు వినయంగా కూర్చుని నేర్చుకోబట్టే కదా. అలాంటి మనిషి దగ్గరికి మనం భక్తితో వెళ్తే తప్పేముంది?

ప్రయాణం సంగతులు. నెల్లూరులో ఆగే బండికి టికెట్లు చేయించుకోండి, అన్నీ ఆగవు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. నెల్లూరు నుంచే కారు మాట్లాడుకుంటే చెన్నై ఊళ్లోకి వెళ్లకుండానే తామరైపాక్కం వైపు తిరిగిపోవచ్చు, పెద్దాయనకు ఆ ట్రాఫిక్ బాధ తప్పుతుంది. చెన్నై వీధి బోర్డు తర్వాత చూడొచ్చు. తోట వాళ్ల కుటుంబానిది, సర్కారు పార్కు కాదు. అందుకని ఏ వేళల్లో రానిస్తున్నారో బయల్దేరే ముందే కనుక్కోండి. కాపలావాళ్లు ఏం చెబితే అదే వినండి. జూన్ 4న జయంతికి, సెప్టెంబరు 25న వర్ధంతికి జనం ఎక్కువ ఉంటారు. పైగా జూన్ మొదట్లో అక్కడి ఎండ మీ నాన్నగారి వయసుకు మంచిది కాదు. సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి లోపు అయితే హాయిగా ఉంటుంది.

ఒకవేళ డాక్టరు అంత దూరం వద్దంటే నిరాశపడకండి. విజయనగరం మన పక్కనే. మహారాజా సంగీత కళాశాలకు తీసుకెళ్లండి. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పిన చోటు అది. ఘంటసాల గారు ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని మరీ పాట నేర్చుకున్నది ఆ ఊళ్లోనే. బాలు గారు ఎవరి పాట వింటూ పెరిగారో తెలిసిన మీ నాన్నగారికి ఆ ఊరు కూడా చిన్నదిగా అనిపించదు.

తామరైపాక్కం వెళ్లగలిగితే మాత్రం ఆయన్ని అక్కడ తొందరపెట్టకండి. పాడమని మీరు అడగొద్దు, ఫోన్ తీయొద్దు. పాడాలనిపిస్తే ఆయనే పాడతారు. కూర్చోవడానికి ఒక మడత కుర్చీ, మంచినీళ్లు, బీపీ మాత్రలు వెంట ఉంచుకోండి. తిరుగు రైలు మర్నాటికి పెట్టుకోండి. అదే రోజు రాత్రికి పెట్టుకుంటే సాయంత్రం నుంచీ మీ కళ్లు గడియారం మీదే ఉంటాయి, ఆయన్ని తొందరగా బయల్దేరదీస్తారు.