పారాలీగల్ చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివాను. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చి రెండేళ్లవుతోంది, హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చేది) మీద ఉన్నాను. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ (లాయర్ పర్యవేక్షణలో పని చేసే న్యాయ సహాయకులు) కోర్సు చేద్దామని ఉంది. రెండేళ్ల డిగ్రీ మేలా, సర్టిఫికెట్ చాలా? నా లా పట్టా ఇక్కడ పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, శాక్రమెంటో

జవాబు: మీకు సర్టిఫికెట్ చాలు. అసోసియేట్ డిగ్రీ అంటే 60 సెమిస్టర్ యూనిట్లు. అందులో చాలా భాగం ఇంగ్లిష్, గణితం, చరిత్ర లాంటి సబ్జెక్టులే. డిగ్రీ ఉన్న మీరు వాటిని మళ్లీ చదవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అయితే ఏ సర్టిఫికెట్ అన్నది చూసుకోవాలి. కాలిఫోర్నియాలో పారాలీగల్ అన్న పేరు ఎవరుపడితే వాళ్లు పెట్టుకోవడానికి లేదు. బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 6450 సెక్షన్ అర్హతలు చెబుతుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదించిన కోర్సు పూర్తి చేసి ఉండాలి. లేదా గుర్తింపు పొందిన కాలేజీలో కనీసం 24 సెమిస్టర్ యూనిట్ల లా సబ్జెక్టులున్న కోర్సు చేసి ఉండాలి. ఏదైనా బ్యాచిలర్ డిగ్రీతో పాటు లాయర్ పర్యవేక్షణలో ఏడాది పని చేసి, ఆ లాయర్ దగ్గర లిఖితపూర్వకంగా ధ్రువీకరణ తీసుకునే దారి కూడా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మొదటి ఏడాది పని దొరకడమే కష్టం. లీగల్ ఆఫీస్ అసిస్టెంట్ లాంటి పేర్లతో తక్కువ యూనిట్లకే ఇచ్చే సర్టిఫికెట్లు కూడా ఉంటాయి, వాటితో ఈ అర్హత రాదు. కేటలాగ్ తెరిచి లా సబ్జెక్టుల యూనిట్లు మీరే కూడండి. బార్ అసోసియేషన్ ఆమోదం చట్టరీత్యా తప్పనిసరి కాదు. కానీ ఫీజు ఒకటే అయినప్పుడు ఆ ఆమోదం ఉన్న కాలేజీనే ఎంచుకోండి, ఉద్యోగ ప్రకటనల్లో దాన్ని అడిగే ఆఫీసులు చాలానే ఉన్నాయి.

రాష్ట్ర నివాసులకు అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. 24 యూనిట్లకు 1,104 డాలర్లు, పుస్తకాలు వేరు. నివాసిగా లెక్కించకపోతే ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి అడ్మిషన్స్ ఆఫీసులో మీ వీసా చూపించి రెసిడెన్సీ సంగతి ముందే తేల్చుకోండి. ఏడాదికి పైగా అక్కడే ఉంటున్నట్టు అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర పెట్టుకోండి.

చాలా కాలేజీలు సర్టిఫికెట్‌లో చేరడానికి ముందే డిగ్రీ ఉందని రుజువు అడుగుతాయి. అందుకు నాసెస్ (విదేశీ పట్టాలను మదింపు చేసే సంస్థల సంఘం) సభ్య సంస్థ చేత మీ పట్టాను మదింపు చేయించాలి. మొత్తం డిగ్రీని ఒక్క ముక్కలో తేల్చే రిపోర్టు కాదు, కోర్స్ బై కోర్స్ రిపోర్టు అడగండి. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించడానికే నెలలు పట్టొచ్చు, కనుక అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని అదే. ఎల్‌ఎల్‌బీ సబ్జెక్టులకు క్రెడిట్ ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ చదువు ఉపయోగపడేది క్లాసులో. కాంట్రాక్ట్స్, టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల మరొకరికి కలిగే నష్టానికి సంబంధించిన చట్టం) మూలాలు రెండు దేశాల్లోనూ ఇంగ్లిష్ కామన్ లాలోనే ఉన్నాయి. డిస్కవరీ (విచారణకు ముందు రెండు పక్షాలూ సమాచారం, పత్రాలు ఇచ్చిపుచ్చుకోవడం) దగ్గర మాత్రం కొత్తగా నేర్చుకోక తప్పదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 11లో ఇంటరాగేటరీలకు, అంటే అవతలి పక్షానికి రాతపూర్వకంగా పంపే ప్రశ్నలకు, కోర్టు అనుమతి కావాలి. ఇక్కడ ఆ వ్యవహారమంతా చాలావరకు లాయర్ల మధ్యే నడుస్తుంది, పారాలీగల్ రోజులో పెద్ద భాగం దానికే పోతుంది.

ఇక వీసా. హెచ్4 మీద చదువుకోవచ్చు, ఎఫ్1కు మారనక్కర్లేదు. వర్క్ పర్మిట్ (ఈఏడీ) లేకుండా పని చేయకూడదు. ఎఫ్1 విద్యార్థులకుండే సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) మీకు వర్తించదు. సర్టిఫికెట్‌కు ఇంటర్న్‌షిప్ తప్పనిసరా, దాని బదులు మరో సబ్జెక్టు తీసుకోవచ్చా అని చేరకముందే అడగండి. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒప్పుకోకండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలోనే ఒక కాలేజీలో చేరాను. సివిల్ లిటిగేషన్ క్లాసులో గడువు తేదీల లెక్కలు ఎప్పుడూ ఒకటి రెండు రోజులు తప్పుతున్నాయి. లీగల్ రైటింగ్‌లోనూ మార్కులు పోతున్నాయి. ఎక్కడ పొరపాటు?
— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: మీ పొరపాటు లెక్కల్లో కాదు, ఏ రూల్ వర్తిస్తుందో రాసుకోకుండానే రోజులు లెక్కపెట్టడంలో ఉండి ఉంటుంది.

ఫెడరల్ కోర్టులో అయితే ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లోని రూల్ 6 చూడండి. సంఘటన జరిగిన రోజును వదిలేయాలి. మర్నాటి నుంచి శని, ఆదివారాలు, సెలవులు అన్నీ కలుపుకుని లెక్కించాలి. ఆఖరి రోజు శనివారమో, ఆదివారమో, సెలవో అయితే తర్వాతి పనిదినానికి జరపాలి. 2025 మే 5 సోమవారం సమన్లు అందాయనుకోండి. జవాబుకు 21 రోజులు, అంటే మే 26. ఆ రోజు మెమోరియల్ డే సెలవు, కాబట్టి గడువు మే 27. అదే కేసులో ప్రతివాది తనకు సమన్లు అధికారికంగా అందించనక్కర్లేదని (దీన్ని వేవర్ అంటారు) ఒప్పుకుంటే 60 రోజులు. ఈ 60 రోజులు సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు, వేవర్ అభ్యర్థన పంపిన తేదీ నుంచి. అది కూడా మే 5నే పంపారనుకుంటే జూలై 4 వస్తుంది. ఆ శుక్రవారం సెలవు, శని ఆదివారాలు దాటి జూలై 7 సోమవారం.

పోస్టులో పంపిన కాగితాలకు మరో 3 రోజులు కలుస్తాయి, ఎలక్ట్రానిక్ సర్వీసుకు (కాగితాలను ఎలక్ట్రానిక్‌గా అవతలి పక్షానికి అందజేయడానికి) కలవవు. మే 5న ఇంటరాగేటరీలు పోస్టు చేస్తే 30 రోజులకు జూన్ 4, మూడు కలిపితే జూన్ 7 శనివారం, కాబట్టి గడువు జూన్ 9. సమన్లకు జవాబు ఇచ్చేటప్పుడు ఈ మూడు రోజులు కలపకూడదు. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కాలిఫోర్నియా స్టేట్ కోర్టులో లెక్క మళ్లీ వేరు: జవాబుకు 30 రోజులు, రాష్ట్రంలోపలి పోస్టుకు 5 రోజులు, ఎలక్ట్రానిక్ సర్వీసుకు 2 కోర్టు పనిదినాలు. మీరు ఈ రెండు పద్ధతులనూ కలిపేస్తున్నారేమో చూసుకోండి. ప్రతి లెక్కకూ పైన ఏ కోర్టు, ఏ రూల్, ఎలా సర్వ్ చేశారు అని మూడు మాటలు రాసి తర్వాతే క్యాలెండర్ తెరవండి. గడువు దాటితే క్లయింట్ మీద డిఫాల్ట్ తీర్పు (జవాబు ఇవ్వనందుకే ఓడిపోయినట్టు ఇచ్చే తీర్పు) రావచ్చు, ప్రొఫెసర్లు ఒక్క రోజు తేడాకు కూడా మార్కులు ఇవ్వకపోవడానికి కారణం అదే.

రైటింగ్ విషయానికొస్తే, కథ చెప్పినట్టు జరిగిందంతా రాసి చివర్లో చట్టం చెబితే మార్కులు పోతాయి. సమస్య, రూల్, అన్వయం, ముగింపు అన్న క్రమం పాటించండి. ఎక్కువ స్థలం అన్వయానికి ఇవ్వండి. తీర్పును ఉదహరిస్తే ఏ పేజీలో ఆ మాట ఉందో కూడా రాయాలి. తీర్పులు వెతికే ఆన్‌లైన్ డేటాబేసులైన వెస్ట్‌లాలో కీసైట్, లెక్సిస్‌లో షెపర్డ్స్ చూసి ఆ తీర్పు ఇంకా చెల్లుతోందని రూఢి చేసుకోవాలి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన తీర్పుల పేర్లను సరిచూడకుండా వాడితే ఏమవుతుందో మాటా వర్సెస్ అవియాంకా కేసు చెప్పింది. లేని తీర్పులు ఉదహరించినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది.

ప్రశ్న: కోర్సు పూర్తయ్యాక తెలుగువాళ్లకు ఇంటి దగ్గర్నుంచే ఇమిగ్రేషన్ ఫారాలు నింపి పెట్టొచ్చా? ‘నాలా’ అనే పారాలీగల్‌ల జాతీయ సంఘం పెట్టే పరీక్ష రాస్తే ఆ హక్కు వస్తుందా?
— ఒక పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: రాదు. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, సంఘం ఇచ్చే సర్టిఫికేషన్ వేరు. ‘నాలా’ సీపీ (సర్టిఫైడ్ పారాలీగల్) పరీక్షలో 120 ప్రశ్నల నాలెడ్జ్ భాగం, వ్యాసరూపంలో రాసే స్కిల్స్ భాగం ఉంటాయి. అది మీ నైపుణ్యానికి గుర్తింపే, స్వతంత్రంగా పని చేసే లైసెన్సు కాదు. పారాలీగల్ లాయర్ పర్యవేక్షణలోనే పని చేయాలి. సలహా ఇవ్వకూడదు, ఫీజు నిర్ణయించకూడదు. ‘మీకు ఈ ఫారం సరిపోతుంది’ అని చెప్పడం కూడా న్యాయ సలహానే. తెలిసినవాళ్లే కదా అని మొదలుపెట్టి చిక్కుల్లో పడకండి. తప్పుడు ఫారం వల్ల వాళ్ల హోదాకే ముప్పు రావచ్చు.

ఇమిగ్రేషన్‌లోనే సేవ చేయాలని ఉంటే చట్టబద్ధమైన దారి ఉంది. అమెరికా న్యాయశాఖ గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలో చేరితే, ఆ సంస్థ మీ పేరున అక్రెడిటేషన్‌కు దరఖాస్తు చేస్తుంది. పాక్షిక అక్రెడిటేషన్‌తో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ముందు, పూర్తి అక్రెడిటేషన్‌తో ఇమిగ్రేషన్ కోర్టులో కూడా క్లయింట్ తరఫున నిలబడవచ్చు. మీ కాలేజీలో ఇమిగ్రేషన్ లా ఐచ్ఛికంగా ఉంటే తీసుకోండి, దరఖాస్తులో చూపించాల్సిన శిక్షణ కింద అది ఉపయోగపడుతుంది.